నాలుగు ట్రాకుల మిక్సింగ్‌కి ఫోన్ జెస్చర్లు: ఇప్పటిదాకా కుదిరినవి, తీసేసినవి

గాత్రం, వయొలిన్, మృదంగం, తంబూరా. ఇంట్లో రికార్డు చేసుకున్న కీర్తనకి చాలావరకు ఈ నాలుగు ట్రాకులే ఉంటాయి. మిక్సర్ ముందు ఎప్పుడూ కూర్చోనివాళ్లు కూడా వీటిని ఫోన్‌లోనే సరిచేసుకోగలిగేలా తయారవుతున్న వెబ్ యాప్ ఇది. వాడుతున్నవి బ్రౌజర్‌లోని వెబ్ ఆడియో, ఫోన్ మోషన్ సెన్సర్, అంతే. ఆండ్రాయిడ్ క్రోమ్, ఐఫోన్ సఫారీ రెండింటిలో నడవాలి.

మొత్తం డిజైన్ ఒకే నియమం మీద నిలబడింది. నిలిచి ఉండాల్సిన మార్పు వేలితో చెయ్యాలి, విని వదిలేసే మార్పు టిల్ట్‌తో (ఫోన్‌ని పక్కకి వాల్చి) చెయ్యాలి. వాల్యూమ్‌ని టిల్ట్‌కి ఇస్తే చెయ్యి దించగానే లెవెల్ కూడా జారిపోతుంది. ఫోన్ వాల్చడం అనేది ఎక్కడా ఆగి ఉండే చర్య కాదు. కొత్తవాళ్లకి ముందు కావాల్సింది తాము పెట్టిన లెవెల్ పెట్టినచోటే ఉంటుందన్న నమ్మకం.

ఆడియో వరస

ఒక్కో ట్రాక్: సోర్స్, హైపాస్ ఫిల్టర్ (కింది పౌనఃపున్యాలని కోసేది), గెయిన్ (లెవెల్), పాన్ (ధ్వని ఎడమకా, కుడికా అన్నది). నాలుగూ మాస్టర్ గెయిన్‌లో కలుస్తాయి. అక్కడినుంచి ఫోన్ వాల్చినప్పుడు పనిచేసే టిల్ట్ ఫిల్టర్లు రెండు, చివర లిమిటర్‌గా (లెవెల్ హద్దు దాటకుండా ఆపేదిగా) కంప్రెసర్. వెబ్ ఆడియో కంప్రెసర్‌ని ఉన్నదున్నట్టు వాడొద్దు. దాని సహజ సెట్టింగ్ త్రెషోల్డ్ (అణచడం మొదలయ్యే లెవెల్) మైనస్ 24, నీ (knee, ఆ మొదలు ఎంత మెత్తగా ఉండాలన్నది) 30, రేషియో (ఎంత అణచాలన్నది) 12. మృదంగం కాస్త పెంచితే గాత్రం కుంగిపోతుంది, తప్పు ఎక్కడుందో కొత్తవాళ్లకి అంతుపట్టదు. త్రెషోల్డ్ మైనస్ 3, నీ 0, రేషియో 20 పెట్టాలి. ఇది మేకప్ గెయిన్ (అణచినదానికి బదులుగా పెంచే లెవెల్) కూడా దానంతట అదే కలుపుతుంది కాబట్టి, దాని తర్వాత మైనస్ 2 డెసిబెల్స్ గెయిన్ ఒకటి తగిలించాలి.

మెమరీ లెక్క ముందే వేసుకోవాలి. డీకోడ్ అయిన ఆడియో ఒక్కో శాంపిల్‌కి 4 బైట్లు తింటుంది. 6 నిమిషాల కీర్తన, స్టీరియో, 48 కిలోహెర్ట్జ్ అయితే ఒక్క ట్రాకే 138 మెగాబైట్లు, నాలుగు కలిపి 553. చిన్న ఫోన్లలో ట్యాబ్ మూసుకుపోవడానికి ఇది చాలు. అందుకే 60 సెకన్ల ముక్క, మోనోలో: నాలుగూ కలిపి 46 మెగాబైట్లు. పల్లవిలో మృదంగం బాగా నిండిన చోటు తీసుకోవాలి. ఎమ్‌పీ3 వద్దు, ఎన్‌కోడర్ మొదట్లో కాస్త నిశ్శబ్దం చేర్చడంతో లూప్ తిరిగేచోట తాళం తడబడుతుంది. 16 బిట్ వేవ్ ఫైలు పెడితే ఆ గొడవ లేదు. నాలుగు సోర్సులనీ ఒకే సమయానికి, ప్రస్తుత టైమ్‌కి 0.1 సెకను కలిపి, స్టార్ట్ చెయ్యాలి. విడివిడిగా స్టార్ట్ చేస్తే వయొలిన్ గాత్రం కంటే వెనకబడినట్టు వినిపించొచ్చు.

"మొదలుపెట్టు" బటన్ రెండు పనులు చేస్తుంది: ఆడియోని మేల్కొల్పడం, మోషన్ అనుమతి అడగడం. ఐఓఎస్ 13 నుంచి ఈ అనుమతి వినియోగదారు నొక్కిన ఆ క్షణంలోనే అడగాలి. ఫైళ్లు లోడయ్యాక అడుగుదామని వాయిదా వేస్తే ఆ నొక్కు చెల్లదు. పేజీ హెచ్‌టీటీపీఎస్ మీద లేకపోతే సెన్సర్ అసలు పలకదు. టెస్టింగ్‌కి ఆండ్రాయిడ్ ఫోన్‌ని యూఎస్‌బీతో కలిపి, క్రోమ్ పోర్ట్ ఫార్వర్డింగ్‌తో లోకల్‌హోస్ట్‌గా తెరిస్తే పని జరుగుతుంది. ఐఫోన్‌లో అంతా సరిగ్గా ఉండి శబ్దం రాకపోతే ముందు సైలెంట్ మోడ్ ఆన్‌లో ఉందేమో చూడండి.

వేలితో: లెవెల్, పాన్

నిలువు స్క్రీన్ మీద పక్కపక్కన నాలుగు పట్టీలు. పట్టీ మీద ఎక్కడ తాకినా ఫేడర్ అక్కడికి దూకదు. వేలు ఎంత కదిలితే లెవెల్ అంతే కదులుతుంది: 100 పిక్సెళ్లకి 12 డెసిబెల్స్. పరిధి ప్లస్ 6 నుంచి మైనస్ 30, దాని కింద మ్యూట్. వేలు వేసిన చోటికే లెవెల్ వెళ్లే పద్ధతి చూడటానికి సులువుగా ఉంటుంది కానీ, పొరపాటున తగిలిన ఒక్క తాకిడితో మిక్స్ చెదిరిపోతుంది.

అడ్డంగా జరిపితే పాన్. మొదటి 10 పిక్సెళ్ల కదలికలో ఏ దిక్కు ఎక్కువో చూసి, వేలు ఎత్తేదాకా ఆ దిక్కుకే కట్టేయాలి. లేకపోతే గాత్రం పెంచుతుంటే అది కుడివైపు కూడా జరిగిపోతుంది. మధ్యబిందువుకి 4 శాతం దగ్గరకి రాగానే పాన్ అక్కడ అతుక్కుని, ఆండ్రాయిడ్‌లో 10 మిల్లీసెకన్ల వైబ్రేషన్ ఇస్తుంది. ఐఫోన్ సఫారీలో వెబ్ పేజీకి వైబ్రేషన్ లేదు కాబట్టి అక్కడ మధ్యగీత ఒకసారి మెరుస్తుంది.

పట్టీలకి సీఎస్‌ఎస్‌లో touch-action: none (ఇక్కడ తాకిడిని బ్రౌజర్ తీసుకోకూడదన్న సూచన) తప్పనిసరి. అది మరిచిపోతే వేలు కొన్ని పిక్సెళ్లు కదలగానే బ్రౌజర్ దాన్ని స్క్రోల్ అనుకుని పాయింటర్‌క్యాన్సిల్ (తాకిడి రద్దయిందన్న కబురు) పంపేస్తుంది, ఫేడర్ మధ్యలో చచ్చిపోతుంది. పాయింటర్ క్యాప్చర్ కూడా పెట్టాలి, వేలు పక్క పట్టీలోకి వెళ్లినా పాత ట్రాకే కదలాలి. ఎడమ, కుడి అంచుల్లో 32 పిక్సెళ్లు ఖాళీ వదలాలి, అక్కడ ఆండ్రాయిడ్ బ్యాక్ జెస్చర్ కాచుకుని ఉంటుంది.

గెయిన్ విలువని నేరుగా రాయకుండా, దాన్ని క్రమంగా మార్చే సెట్‌టార్గెట్‌ఎట్‌టైమ్‌తో, టైమ్ కాన్‌స్టెంట్ 0.02 ఇచ్చి రాయాలి. 60 మిల్లీసెకన్లలో 95 శాతం చేరుతుంది. చెవికి వెంటనే అనిపిస్తుంది, తంబూరా మీద టిక్ టిక్ శబ్దం రాదు.

టిల్ట్: క్లచ్ పట్టుకుంటేనే

కింద మధ్యలో పెద్ద బటన్, పేరు "పట్టు". బొటనవేలు దాని మీద ఉన్నంతసేపే టిల్ట్ పనిచేస్తుంది. వేలు తీస్తే 300 మిల్లీసెకన్లలో ధ్వని మామూలవుతుంది. నొక్కిన క్షణంలో ఫోన్ ఏ కోణంలో ఉందో అదే సున్నా. కుర్చీలో కూర్చున్నా, మంచం మీద పడుకున్నా తేడా ఉండదు.

ఎడమకి వాల్చితే పై పౌనఃపున్యాలు పోతాయి, కుడికి వాల్చితే కింద ఉన్నవి పోతాయి. ఇది మిక్స్‌ని మార్చడానికి కాదు, వినడానికి. ఎడమకి బాగా వాల్చి 200 హెర్ట్జ్ దగ్గర వింటే ముఖ్యంగా మృదంగం తొప్పి (మందర ధ్వని పలికే ఎడమవైపు), గాత్రం మైకులోకి చేరిన ఫ్యాన్ హోరు మిగులుతాయి. హోరు ఏ ట్రాక్‌ది అని పట్టీలు ఒక్కొక్కటీ మ్యూట్ చేసి చూసుకుని, దొరికినదాని మీద రెండుసార్లు తడితే దాని హైపాస్ 100 హెర్ట్జ్‌లో ఆన్ అవుతుంది. ఆ హైపాస్ నిలిచిపోతుంది, టిల్ట్ మాయమవుతుంది. కొత్తవాళ్లకి ఈక్వలైజర్ బొమ్మలో గంటసేపు దొరకనిది ఇక్కడ చెవికి వెంటనే దొరుకుతుంది. ఈ యాప్‌లో అన్నిటికంటే విలువైన భాగం ఇదే.

కోణానికి పరిధి అటూ ఇటూ 35 డిగ్రీలు, మధ్యలో 4 డిగ్రీలు డెడ్‌జోన్ (అక్కడ కదిలినా మార్పు ఉండదు). ఫ్రీక్వెన్సీని లాగరిథమిక్‌గా నడపాలి: లోపాస్‌కి (పై పౌనఃపున్యాలని కోసే ఫిల్టర్‌కి) 20,000 × 0.01^కోణం, ఇక్కడ కోణం అంటే పరిధిలో ఎంత వాల్చారన్నది, 0 నుంచి 1. సగం వాల్చితే 2,000 హెర్ట్జ్ వస్తుంది. హైపాస్‌కి 20 × 100^కోణం, సగంలో 200. సరళరేఖలో నడిపితే సగం వాల్చినా 10,100 హెర్ట్జ్ దగ్గరే ఉంటుంది, వినపడే మార్పంతా చివరి కొద్ది డిగ్రీల్లో కుప్పపడుతుంది.

కోణం కోసం బ్రౌజర్ ఇచ్చే బీటా, గామా వాలు విలువలు వాడకపోవడమే మంచిది. ఫోన్‌ని నిటారుగా పట్టుకుంటే గామా ఒక్కసారిగా ఎగిరి గుర్తు మార్చేస్తుంది. గురుత్వాకర్షణతో కూడిన యాక్సిలరేషన్ తీసుకుని, మూడు అక్షాల నుంచి పక్కవాలు లెక్కించాలి. ఒక జాగ్రత్త: ఈ విలువల గుర్తు ఐఫోన్‌లో, ఆండ్రాయిడ్‌లో ఒకదానికొకటి తలకిందులు. ఒకదానిలో కుడి అయింది ఇంకోదానిలో ఎడమ అవుతుంది.

చేతి వణుకు పోవడానికి మామూలు స్మూతింగ్, గుణకం 0.15 పెడితే, 60 హెర్ట్జ్ సెన్సర్ మీద టైమ్ కాన్‌స్టెంట్ దాదాపు 100 మిల్లీసెకన్లు. నెమ్మదిగా వాల్చితే సరే, వేగంగా వాల్చితే ధ్వని వెనక ఈడ్చుకొస్తుంది. 2012లో కాసియే, రూసెల్, వోగెల్ ప్రచురించిన వన్ యూరో ఫిల్టర్ (కదలిక వేగాన్ని బట్టి స్మూతింగ్ మార్చేది) ఇక్కడ బాగా కుదిరింది. ముందు బీటా (పైన చెప్పిన వాలు విలువ కాదు, ఈ ఫిల్టర్ సెట్టింగ్) 0, కనిష్ఠ కటాఫ్ 1 హెర్ట్జ్ పెట్టి, ఫోన్ కదలకుండా పట్టుకుని వణుకు పోయేదాకా కటాఫ్ సరిచెయ్యాలి. తర్వాత వేగంగా వాలుస్తూ ఆలస్యం పోయేదాకా బీటా కొద్దికొద్దిగా పెంచాలి.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు వద్దు. ఆలస్యం తేలిగ్గా 150 మిల్లీసెకన్లు దాటుతుంది, వాల్చినా ఏమీ కాలేదనుకుని ఇంకా వాలుస్తారు. ఫోన్ స్పీకర్ అంతకంటే నయం కాదు: తొప్పి వినపడక మృదంగం పెంచేస్తారు. వైరు ఇయర్‌ఫోన్లే.

తీసేసినవి, మిగిలినవి

ఊపితే అన్‌డూ తీసేశాం. ఊపుతున్నప్పుడు పట్టీ మీది వేలు కూడా కదిలి కొత్త మార్పు చేరుతుంది. ఇప్పుడు రెండు వేళ్లతో ఒక తట్టు: 150 మిల్లీసెకన్ల తేడాలో రెండూ తాకాలి, 250లోపు ఎత్తాలి, 10 పిక్సెళ్లకి మించి కదలకూడదు. రెండు బొటనవేళ్లతో రెండు ఫేడర్లు జరిపే పనికి ఇది అడ్డురాదు.

తెరవగానే గాత్రం 0, మృదంగం మైనస్ 5, వయొలిన్ మైనస్ 6, తంబూరా మైనస్ 18 డెసిబెల్స్. తంబూరా చివర్న ముట్టుకోవాలి: వినపడేదాకా పెంచి, అక్కడినుంచి 3 డెసిబెల్స్ తగ్గించాలి.

మొదటి మిక్స్‌తో పోల్చి వినే బటన్ సగంలో ఉంది. గట్టిగా ఉన్నదే బాగుందనిపిస్తుంది కాబట్టి, రెండింటి సగటు లెవెల్‌ని 3 సెకన్ల మీద కొలిచి సమానం చేశాకే వినిపించాలి. ఇంకోటి, 35 డిగ్రీలు వాల్చినప్పుడు ఆటో రొటేట్ ఆన్‌లో ఉంటే స్క్రీన్ అడ్డం తిరగొచ్చు. ఆండ్రాయిడ్‌లో ఫుల్‌స్క్రీన్‌కి వెళ్లి లాక్ చేయొచ్చు, ఐఫోన్ సఫారీలో ఆ వీలు లేదు. అక్కడ మొదటి స్క్రీన్‌లోనే రొటేషన్ లాక్ వేసుకోమని చెప్పాల్సి వస్తోంది.