కల్పవల్లి గుట్టల్లో పిల్లలతో

మొన్న మా అపార్ట్‌మెంట్ పిల్లలను తీసుకుని చెన్నేకొత్తపల్లి దగ్గర కల్పవల్లికి వెళ్లొచ్చాం, ఇంకా దాని గురించే మాట్లాడుకుంటున్నాం. అసలే అనంతపురం వైపు వాన తక్కువ, అలాంటిచోట ఒకప్పుడు బోడిగా ఉన్న గుట్టలు ఇప్పుడు 7,000 ఎకరాలకు పైగా అడవి, గడ్డిభూమి! 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కలిసి చేసిన పని ఇది. నాటిన మొక్కల కంటే కాపాడుకున్నవే ఎక్కువ. చెట్లు నరకనివ్వలేదు, ఎండాకాలం మంటలు పాకకుండా గడ్డి కోసి బాటలు తీశారు, మిగతాది నేలే చూసుకుంది. వాగులో నీళ్లు నిలిచాయి, ఈత చెట్లు లేచాయి, ఆ ఆకుతో ఊళ్లో ఆడవాళ్లు చాపలు అల్లుతారు.

పిల్లలకు బాగా నచ్చింది మాత్రం దారిలో కనిపించిన తోడేలు పెంట. ఎండి తెల్లగా ఉంది, పుల్లతో విడదీస్తే లోపల వెంట్రుకలు, చిన్న ఎముక ముక్కలు. ఏం తిని ఉంటుందని అరగంట వాదించుకున్నారు, ఫోన్ ఎవరూ ముట్టలేదు.

గాలిమరల కోసం గుట్టలు కోసి వేసిన రోడ్లు చూస్తే మాత్రం కడుపు మండింది. కరెంటు కావాలి, కాదనను, కానీ ఊళ్లవాళ్లు ఇన్నేళ్లు కాపాడుకున్న చోటే ఎందుకు? రికార్డుల్లో బంజరు అని రాసుంటే సరిపోతుందా?

చుట్టుపక్కల జిల్లాల టీచర్లు ఎవరైనా ఇది చదువుతుంటే, వానలు పడ్డాక మీ పిల్లలను ఒక్కసారి తీసుకెళ్లండి, ముందుగా అక్కడివాళ్లకు చెప్పి వెళ్లండి.