యాభై సెంటీమీటర్ల దారం

మన బ్యాచ్ ఫోటో ఎవరి దగ్గరైనా ఉంటే చూడండి, ముందు వరసలో అందరికన్నా పొట్టిగా ఉన్నది నేనే. నాలుగడుగుల పదకొండు అంగుళాలు. ఈ లెక్కతో తర్వాత పనుంది.

బీఆప్టమ్ (కంటి పరీక్షలు, కళ్ళద్దాల డిగ్రీ) నాలుగో ఏడు ఇంటర్న్‌షిప్ అవగానే చాలామంది ఆప్టికల్ షాపుల్లో చేరిపోయారు. తప్పేం లేదు, మొదటి నెల నుంచే జీతం. నేను విశాఖలోనే ఒక కంటి ఆసుపత్రిలో ఏడాది ఫెలోషిప్‌కి వెళ్ళాను. "నాలుగేళ్ళు చదివావు కదే, మళ్ళీ ట్రైనింగేంటి?" అంది అమ్మ. అమెరికాలో నాలుగేళ్ళ ఓడీ (డాక్టర్ ఆఫ్ ఆప్టోమెట్రీ) చదివినవాళ్ళు కూడా ఇష్టముంటే ఇంకో ఏడాది రెసిడెన్సీ చేస్తారు, ఇదీ ఇంచుమించు అలాంటిదే అన్నాను. "అయితే ఆఖర్న సర్జరీలు చేస్తావా?" "చెయ్యను." అంతే, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. స్టైపెండ్‌లో సగం దానికే. మొదటి నెలలు కాంటాక్ట్ లెన్స్ క్లినిక్‌లో. కెరటోకోనస్ (కంటి ముందుపొర పలచబడి శంకువులా ఉబికే జబ్బు) ఉన్న కుర్రాళ్ళకి గట్టి లెన్సు పెట్టి, ఫ్లోరెసిన్ అనే రంగు వేసి నీలం లైటులో చూస్తే, లెన్సు కంటిని తాకిన చోట నల్లగా, కన్నీళ్ళు నిలిచిన చోట పచ్చగా మెరుస్తుంది. రోజంతా చూసినా విసుగు రాదు.

టెన్షన్ మొదలైంది పిల్లల విభాగంలో. పాడేరు అవతలి నుంచి ఒక తల్లి మూడేళ్ళ బాబుని చంకనేసుకుని వచ్చింది. కుడికన్ను ముక్కువైపు తిరిగింది. చుక్కలు వేసి కూర్చోబెట్టాం. ఏడ్చి ఏడ్చి, అమ్మ భుజం మీద తల వాల్చాడు. కంటి పవర్ కొలిచే రెటినోస్కోప్ వెలుగు గీతని కంటిపాప మీద ఆడిస్తూ అద్దాలు మార్చుకుంటూ పోయాను. ప్లస్ ఎనిమిది దగ్గర కంటిపాపలో వెలుగు కదలిక ఆగింది. అందులోంచి, మనం కూర్చున్న దూరానికి తియ్యాల్సిన పవర్ కింద, అలవాటుగా ఒకటిన్నర తీసేసి ఆరున్నర అని రాశాను. సీనియర్ మేడం చూసి ఆరు అన్నారు. అంతకుముందు ఇద్దరు పిల్లలకీ ఇదే వరస, సరిగ్గా అర ఎక్కువ.

"చెయ్యి చాపమ్మా" అన్నారు. దర్జీలు వాడే టేపు తెచ్చి, నా కంటి నుంచి బాబు కంటిదాకా కొలిచారు. యాభై సెంటీమీటర్లు. ఒకటిన్నర తియ్యాల్సింది సుమారు అరవై ఏడు సెంటీమీటర్ల దూరంలో కూర్చునేవాళ్ళు. వంద సెంటీమీటర్లని దూరంతో భాగించడమే కదా! యాభైకి రెండు తియ్యాలి. పరీక్షలో ఈ లెక్క రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని, నా చెయ్యి ఎంత పొడుగో మాత్రం ఎన్నడూ కొలుచుకోలేదు.

మరి అన్నాళ్ళూ ఎందుకు దొరకలేదంటే, పెద్దవాళ్ళని తర్వాత "ఇది బాగుందా, అది బాగుందా" అని అడుగుతాం. నా తప్పుని పేషెంటే దిద్దేసేవాడు. మూడేళ్ళవాడు ఏం చెప్తాడు? ఆ అర ఎక్కువతో జోడు ఇస్తే దూరం మసకేస్తుంది, వాడు తీసి పారేస్తాడు, తల్లేమో పిల్లాడు పెంకివాడనుకుంటుంది.

ఆరు పవర్‌తోనే జోడు ఇచ్చారు. నెలన్నరకి మళ్ళీ వచ్చారు. జోడుకి వెనకాల ఎలాస్టిక్ కట్టి ఉంది. జోడు పెట్టుకున్నంతసేపూ కన్ను తిన్నగానే ఉంది. బాబు నా మెడలో ఐడీ కార్డు పట్టుకుని లాగుతుంటే, తల్లి వాడి చెయ్యి మీద ఒక్కటేసింది.

ఆ సాయంత్రమే ఎర్రదారం యాభై సెంటీమీటర్లు కొలిచి కత్తిరించి రెటినోస్కోప్ పిడికి కట్టుకున్నాను. ఇప్పుడు నా దగ్గరికి ట్రైనింగ్‌కి వచ్చే పిల్లలకి మొదటి రోజు ఇచ్చేది టేపే. అమ్మకి ఈ కథంతా రెండుసార్లు చెప్పాను. అయినా ఆ దారం నేను సింహాచలం నుంచి తెచ్చి కట్టుకున్న దిష్టి తాడే అనుకుంటోంది. మాసిపోయిందని మొన్ననే కొత్తది కొనిచ్చింది.