నలుపు తెలుపు పట్టీ

మా ఆఫీసు కీబోర్డులో ఆల్ట్ కీ మీది అక్షరాలు ఆకుపచ్చ రంగులో ఉన్నాయని నాకు ఇరవై ఎనిమిదేళ్ల వయసులో తెలిసింది. అప్పటికే రెండేళ్లుగా రోజుకు పది గంటలు ఆ కీబోర్డు మీదే పని చేస్తున్నాను.

మాది చిత్తూరు దగ్గర పల్లె. నా కళ్లకు ఎరుపు, ఆకుపచ్చ కలిసిపోతాయి. రెండూ పాత బెల్లం రంగుకు కాస్త అటూ ఇటూగా కనిపిస్తాయి. చిన్నప్పుడు టమోటా కోతకు వెళ్తే పండ్లతో పాటు పచ్చికాయలూ బుట్టలో పడేవి. "కళ్లు ఎక్కడ పెట్టుకున్నావురా?" అని మామయ్య తిట్టేవాడు. ఆ తర్వాత వేళ్లతో నొక్కి చూసి కోయడం అలవాటు చేసుకున్నాను.

ఇది కంటి లోపమని రైల్వే కొలువు కోసం రేణిగుంట వెళ్లినప్పుడు బయటపడింది. డాక్టర్ గారు చుక్కల బొమ్మల పుస్తకం తెరిచి "ఇందులో ఏ అంకె ఉంది?" అని అడిగారు. 1917లో ఇషిహారా అనే జపాన్ వైద్యుడు ప్రచురించిన పరీక్ష అది. "అంకె ఎక్కడుందండీ?" అన్నాను. అక్కడితో ఆ కొలువు ఆశ తీరిపోయింది. ఈ లోపం ఎక్స్ క్రోమోజోములో ఉంటుంది. మగవాళ్లకు అది ఒక్కటే కాబట్టి వాళ్లలోనే ఎక్కువ. అమ్మ ద్వారా వస్తుంది. నన్ను తిట్టిన మామయ్య అమ్మకు సొంత తమ్ముడే, ఆయనకు మాత్రం రాలేదు!

చిత్తూరులో టైపు హయ్యర్ ప్యాసయ్యాను. టైపు మిషన్‌తో రంగుల గొడవ తక్కువ. రిబ్బన్ సగం నలుపు, సగం ఎరుపు. మార్చే మీట పక్కన చుక్కలుండేవి. తెల్ల చుక్క దగ్గర పెడితే రిబ్బన్ పైకి లేవదు, కాపీలు తీయడానికి వాడే మైనపు కాగితం, అంటే స్టెన్సిల్, కొట్టడానికన్నమాట. మీట ఎంత దూరం జరిగిందో చూసుకుంటే చాలు.

1992లో కువైట్ వెళ్లాను. షువేఖ్ పారిశ్రామిక వాడలో బండ్ల విడిభాగాలు అమ్మే సంస్థలో టైపిస్టు పని. అక్కడ టైపు మిషన్ లేదు. కంప్యూటర్‌లో నీలం తెర మీద తెల్ల అక్షరాలతో వర్డ్‌పర్ఫెక్ట్ 5.1 అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది. దానిలో మెనూ పైన ఎప్పుడూ కనిపిస్తూ ఉండదు, పనులన్నీ ఫంక్షన్ కీల మీదే. అవి పన్నెండే, పనులు నలభైకి పైగా. అందుకని ఆ కీల వరుసకు పైన పెట్టుకోవడానికి ఒక ప్లాస్టిక్ పట్టీ ఇచ్చేవారు. ప్రతి కీకి ఎదురుగా నాలుగు పేర్లు, నాలుగు రంగుల్లో. నల్లగా ఉన్నదానికి కీ ఒక్కటే నొక్కాలి. నీలానికి ఆల్ట్, ఆకుపచ్చకు షిఫ్ట్, ఎరుపుకు కంట్రోల్ పట్టుకుని నొక్కాలి.

నలుపుతో, నీలంతో నాకు పేచీ లేదు. మిగతా రెండే నా ప్రాణం తీశాయి. ఎఫ్7ను షిఫ్ట్‌తో నొక్కితే ప్రింటు, కంట్రోల్‌తో నొక్కితే పేజీ అడుగున వివరణ రాసే ఫుట్‌నోట్. మొదటి వారంలోనే ముదీర్, అంటే మేనేజర్ గారు, ప్రింటర్ పక్కన నిలబడి కొటేషన్ కోసం చూస్తుంటే, నేను ఫుట్‌నోట్ తెరుస్తూ మూస్తూ ఉన్నాను. బ్రేక్ ప్యాడ్ల ధరల పట్టికకు ఫుట్‌నోట్ ఎందుకని ఆయన అడగలేదు, నా వైపు చూసి ఊరుకున్నారు. లోపం సంగతి ఎవరికీ చెప్పలేదు. అకామా (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి) కొత్తగా పడింది, మాట ఎటు తిరుగుతుందోనని భయం. టమోటాల పద్ధతే మళ్లీ మొదలుపెట్టాను. రంగు వదిలేసి, ఏ పేరు ఎన్నో వరుసలో ఉందో బట్టీ పట్టాను.

మా లెక్కల విభాగంలో ఈజిప్టు ఉస్తాద్ దగ్గర హెచ్‌పీ 12సీ కాలిక్యులేటర్ ఉండేది. అది 1981లో వచ్చిన మోడల్. దాని మీదా రంగులే. బంగారు రంగు ఎఫ్ నొక్కితే కీకి పైన రాసిన పని, నీలం జీ నొక్కితే కీ వాలు మీద రాసిన పని. వాయిదాల సంఖ్యను వేసే ఎన్ కీనే జీ తర్వాత నొక్కితే ఏళ్లను పన్నెండుతో గుణించి నెలలు చేస్తుంది. దానికి 'సమానం' కీ ఉండదు, అందుకే ఎవరూ అరువు అడిగేవారు కాదు. నాకు మాత్రం ముద్దొచ్చేది. బంగారు రంగు, నీలం రెండూ నాకు స్పష్టంగా కనిపించేవి.

1994లో ఆఫీసు పై అంతస్తుకు మారినప్పుడు పట్టీలు పోయాయి. మిగిలింది ఒక్కటే. మలయాళీ సెక్రటరీ, మేం చేట్టన్ (అన్న) అని పిలిచే ఆయన, దాన్ని జిరాక్స్ తీసి అందరికీ పంచాడు. జిరాక్స్ నలుపు తెలుపు. పైగా పట్టీ కాగితం కంటే పొడవు కావడంతో చివరలు తెగిపోయి, ఏ రంగు దేనికో చెప్పే సూచిక కూడా పోయింది. ఆ రోజు ఆఫీసంతా ఫుట్‌నోట్లు తెరిచింది. నా పని మాత్రం ఆగలేదు. చేట్టన్ వచ్చి "రంగుల్లేకుండా ఎలా కొడుతున్నావు?" అని అడిగాడు. అప్పుడు చెప్పాను, రేణిగుంట చుక్కలతో సహా.

ఆయన నవ్వలేదు. నా కీబోర్డును ముందుకు లాగి "ఆల్ట్ ఏ రంగు?" అన్నాడు. "నలుపు" అన్నాను. కాదు, ఆకుపచ్చ అట. ప్రింట్ స్క్రీన్ కీ ముందు అంచు మీద సిస్‌ఆర్‌క్యూ (సిస్టమ్ రిక్వెస్ట్) అని చిన్న అక్షరాలున్నాయి, అవీ ఆకుపచ్చే. రెంటినీ కలిపి నొక్కాలని ఆ రంగు చెబుతోందట. ఐబిఎం 1984 నాటి ఏటీ కంప్యూటర్‌తో ఆ కీని తెచ్చింది. నొక్కి చూశాం. ఏమీ కాలేదు. విండోస్‌కు ముందు మా కంప్యూటర్లను నడిపిన డాస్‌లో దానితో పనే లేదు. ఇన్నాళ్లూ నాకు కనిపించని రంగు వల్ల పోయింది ఇంతేనా అని అప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ వారమంతా అందరి జిరాక్సుల మీద వరుసల పేర్లు పెన్సిల్‌తో రాసి పెట్టాను. మూడేళ్లకు విండోస్, మౌస్ వచ్చి పట్టీల అవసరం తీరిపోయింది.

నిరుడు తిరుపతిలో ఇల్లు మారుతుంటే పాత పాస్‌పోర్టులో నా జిరాక్స్ మడతలు పడి దొరికింది. ఎఫ్7 గడిలో నా చేతిరాత ఇంకా చెరగలేదు: "షిఫ్ట్. కంట్రోల్ కాదు."