జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్: పరంజా, అంగీ, సిలువ

ఆండ్రూ లాయిడ్ వెబర్, టిమ్ రైస్‌ల ఈ రాక్ నాటకం 1970లో ముందు రికార్డుగా వచ్చి, 1971లో న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వే చేరింది. దీన్ని వేదికెక్కించే బృందాలకి కొన్ని సూచనలివి. మొదటినుంచి చివరిదాకా దాదాపు అంతా పాటే. తెర దించి సామాను మార్చుకునే వ్యవధి సంగీతం ఇవ్వదు. బేతనియ, దేవాలయం, గెత్సెమనే, పిలాతు కొలువు, హేరోదు దర్బారు, గొల్గొతా అన్నీ ఒకే కట్టడంమీద నడవాలి.

అందుకే ఇనుప పైపుల పరంజా దీనికి అంత బాగా నప్పుతుంది. 1973 సినిమాలో యాజకులు ఎడారి మధ్య పరంజా ఎక్కి నిలబడతారు. 2016లో లండన్ రీజెంట్స్ పార్క్ ప్రదర్శనకి రంగాలంకరణ చేసిన టామ్ స్కట్ తుప్పు రంగు ఉక్కు కట్టడం, నేలమీద సిలువ ఆకారపు నడవ వేశారు. ప్రధాన యాజకుడు కయప బృందం 2.4 మీటర్ల ఎత్తున, జనం నేలమీద ఉంటే అధికారం ఎవరిదో పాట ఎత్తుకోకముందే తెలిసిపోతుంది. మెట్లు రెండు పక్కలా కావాలి. వెడల్పు 90 సెం.మీ.కి తగ్గితే హోసన్నా పాటలో కోరస్ ఇరుక్కుంటుంది. 48 మి.మీ. పైపులకి ఏటవాలు కట్లు తప్పనిసరి. లేకుంటే పదిమంది ఒకే తాళానికి గెంతగానే కట్టడం ఊగుతుంది. రెయిలింగ్ 110 సెం.మీ., అడుగంచున 15 సెం.మీ. చెక్క పెట్టండి, పైనుంచి ఏదీ కిందివాళ్ళ నెత్తిన జారిపడదు. పలకకీ పైపుకీ మధ్య రబ్బరు ముక్క వెయ్యకపోతే గలగలంతా మైకుల్లోకి ఎక్కుతుంది.

సిలువ దగ్గర ఎంత జాగ్రత్తయినా ఎక్కువ కాదు. నిలువు 3.6 మీటర్లు, అడ్డం 1.8 మీటర్లు చాలు. పైకి చెక్క, లోపల ఉక్కు గొట్టం. మనిషి చేతులమీద వేలాడితే ఛాతీ బిగుసుకుపోయి ఊపిరి వదలడం కష్టమవుతుంది. నటుడు ఆ స్థితిలోనే మాట్లాడాలి. కాబట్టి బరువంతా పాదాల కింది మెట్టుమీద, పిరుదుల కింద సైకిల్ సీటులాంటి చిన్న ఆధారంమీద పడాలి. మణికట్టు పట్టీలు చూపుకే, నటుడే లాగి విడిపించుకోగలగాలి. నడుంకి కట్టే భద్రతా పట్టీకి (హార్నెస్) సిలువ వెనక వేరే కొక్కెం. సిలువని ఎత్తే తీగచుట్ట యంత్రానికి (వించ్) తోడు రెండో తీగ. మనిషిని ఎక్కించేముందు అతని బరువుకి రెండింతల ఇసుక బస్తాలు కట్టి ఎత్తి చూడండి. 2018 టీవీ ప్రదర్శన చివర్లో సిలువ గోడలోని సిలువ ఆకారపు సందులోంచి వెలుగులోకి వెళ్ళిపోతుంది. ఎంతో గొప్ప దృశ్యం, కానీ చిన్న బృందాలు దాని జోలికి పోవద్దు. సిలువని కదపకుండా వెనకనుంచి గట్టి లైటు వేస్తే చాలు.

దుస్తులకి నూలు గుడ్డే వాడండి. పాలిస్టర్ లైట్ల కింద మెరుస్తుంది, చెమట పీల్చదు. అచ్చ తెలుపు ముఖాన్ని మింగేస్తుంది, 5 లీటర్ల నీళ్ళలో 50 గ్రాముల టీ పొడి మరిగించి బట్టని అరగంట నానబెడితే కళ్ళకి సరిపడే మట్టి తెలుపు వస్తుంది. దివిటీలుంటే, బట్ట త్వరగా అంటుకోకుండా 7 లీటర్ల గోరువెచ్చని నీటిలో 700 గ్రాముల బోరాక్స్, 300 గ్రాముల బోరిక్ యాసిడ్ కరిగించి నూలు బట్ట ముంచి ఆరబెట్టాలి. ఉతికితే అది పోతుంది, మళ్ళీ ముంచాల్సిందే. ముంచిన ముక్కకి నిప్పు పెట్టి చూశాకే అసలు బట్టని నమ్మండి.

నాటకంలో క్రీస్తుకి పడే కొరడా దెబ్బలు 39, దాచడానికి చోటుండదు. మెత్తటి ఊలు పోగుల కొరడాని రంగులో ముంచితే ప్రతి దెబ్బకీ వీపున చార పడుతుంది. గ్లిజరిన్, తిండి రంగు, ఓ చుక్క గిన్నెల సబ్బు కలిపిన రంగయితే చన్నీళ్ళకి పోతుంది. నటుడి ఒంటిమీది వైర్‌లెస్ మైకు పెట్టె నడుం వెనక ఉంటే దెబ్బ దానికే తగులుతుంది, ముందువైపు తుంటి పక్కకి మార్చి, చెమట దిగకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టండి. రీజెంట్స్ పార్క్ వాళ్ళు రక్తానికి బదులు మెరుపు పొడి చల్లారు. అది నాకు మరింత బలంగా అనిపిస్తుంది, అయితే నేల జారుతుంది, వెంటనే ఊడ్చే మనిషి ఉండాలి.

ముళ్ళ కిరీటం తీగమీద జనపనార చుట్టి, వేడి జిగురుతో ముళ్ళు పోసి, లోపల మెత్తటి ఫెల్ట్ గుడ్డ కుట్టాలి. నుదుటి మైకు దగ్గర 3 సెం.మీ. ఖాళీ వదలకపోతే తల తిప్పినప్పుడల్లా బరుకుతుంది. క్రీస్తు అంగీలు ఒకే రోజు రెండు ఆటలుంటే మూడు జతలు కుట్టించండి. తడిసినది మలి ఆటకి ఆరదు.