తియ్యటి నీళ్లు

సెలవులకు ఇంటికి వెళ్లి లండన్ తిరిగొచ్చిన పన్నెండో రోజున జ్వరం మొదలైంది. మాత్ర మింగి ముసుగుతన్ని పడుకున్నాను. సాయంత్రానికి 103. పొద్దునకు కాస్త దిగడం, పొద్దుగూకేసరికి మళ్లీ ఎక్కడం. వారానికి నాలుక తెల్లగా పూతపట్టింది, అన్నం పేరెత్తితే వికారం. ఆసుపత్రిలో రక్తంలో క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు.

మందులకు జ్వరం లొంగింది. ఆ తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. ఇక్కడ టైఫాయిడ్ వస్తే ప్రజారోగ్య అధికారులకు తెలపాలని చట్టం. నెల రోజులుగా ఏం తిన్నారు, ఎవరికి వండిపెట్టారు, బాత్రూమ్ ఎంతమంది వాడతారు అని ఒకావిడ ఆరా తీసింది. నేను హోటల్ వంటగదిలో పనిచేస్తాను. మందులు ముగిసిన వారానికి, 48 గంటల ఎడంతో మూడుసార్లు మలపరీక్షలో క్రిమి లేదని తేలేదాకా పనిలోకి వెళ్లకూడదట. జీతం పోయిన ఉక్రోషంలో సగం ప్రశ్నలకు ముక్తసరిగా జవాబిచ్చాను.

ఒళ్లు కూడదీసుకున్నాక సోహోలో నడుస్తుంటే బ్రాడ్‌విక్ వీధిలో పిడి లేని పంపు కనిపించింది. అసలుది కాదు, నమూనా. 1854 ఆగస్టు చివర ఇక్కడ కలరా లేచి పదిరోజుల్లో 500 మందికి పైగా చనిపోయారు. చెడుగాలి వల్లనని అందరూ అంటుంటే, జాన్ స్నో అనే వైద్యుడు ఇంటింటికీ తిరిగి ఎవరెవరు ఏ నీళ్లు తాగారో అడిగాడు. పోయినవాళ్లలో ఎక్కువమంది ఈ పంపు నీళ్లే తాగారని తేలింది. పక్కనే ఉన్న బీరు కర్మాగారంలో ఒక్కరూ పోలేదు. వాళ్లు తాగేది బీరే! సెప్టెంబరు 8న పంపు పిడి ఊడదీశారు. అప్పటికే జనం పారిపోయి వ్యాధి తగ్గుముఖం పట్టిందని స్నోయే ఒప్పుకున్నాడు. ఆ పంపు కింది బావికి మూడడుగుల్లోపే మురుగుగుంట ఉన్నట్టు తర్వాత తవ్వితే బయటపడింది.

నన్ను పట్టుకున్నది మాత్రం హాంప్‌స్టెడ్ వితంతువు కథ. సోహోకు అంత దూరాన ఉంటూ, ఈ నీళ్ల రుచి మరిగి రోజూ సీసాతో తెప్పించుకునేదట. అవే తాగి పోయింది. చూడవచ్చిన మేనకోడలూ పోయింది.

అమ్మమ్మ ఊరి బావి సంగతి ఆరా తీసినావిడకు నేను ఫోనులో చెప్పనేలేదు. ఆ రాత్రే అమ్మమ్మకు ఫోను చేశాను.

"మన నీళ్లకేమైందిరా, కొబ్బరినీళ్లలా ఉంటాయి."

"మరుగుదొడ్డికీ బావికీ ఎంత దూరం?"

"నాలుగు బారలుంటుందేమో. ఎందుకూ?"