దానికి తెలుగు పేరు లేదమ్మా

"దానికి తెలుగు పేరు లేదమ్మా. దాని పేరు కురంజి."

డెయిన్‌ట్రీ అడవిలో దారి పక్కన పడున్న కాసోవరీ (ఎగరలేని పెద్ద పక్షి) రెట్టను గైడు పుల్లతో విప్పి, లోపలున్న గింజలు చూపించారు. "ఈ పక్షిని తెలుగులో ఏమంటారు, చెప్పు" అని నేను అడిగినదానికి మా తొమ్మిదేళ్ళ పిల్ల ఇచ్చిన జవాబది. కురంజి అన్నది ఆ అడవి మనుషుల మాట, కుకు యలాంజి భాషలో ఆ పక్షి పేరు. పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. ఇంట్లో తెలుగే మాట్లాడాలన్న నియమం నాది, కంటికి కనిపించిన ప్రతిదానికీ తెలుగు మాట అడగడం కూడా నా అలవాటే. ఇన్నేళ్ళలో పిల్ల తెలుగులోనే, తప్పు లేకుండా, నా ప్రశ్నను తిప్పికొట్టడం అదే మొదటిసారి.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ ఉత్తరాన ఉన్న ఆ అడవికి పిల్లల్ని తీసుకెళ్ళాలనుకునే మనవాళ్ళకి పనికొచ్చే సంగతులు రాద్దామని కూర్చున్నాను. ఆ మాట మధ్యమధ్యలో అడ్డొస్తూనే ఉంది, రానిస్తున్నాను.

ముందు కాలం సంగతి. మే నుంచి అక్టోబరు దాకా మంచి రోజులు. డిసెంబరు, జనవరి సెలవులు ఎలాగూ ఇండియాకే పోతాయి కాబట్టి జూన్-జూలై సెలవులుగానీ సెప్టెంబరు సెలవులుగానీ దీనికి సరిపోతాయి. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా కుండపోత వానలు. 2023 డిసెంబరులో జాస్పర్ తుఫానుకి కొండచరియలు విరిగిపడి, డెయిన్‌ట్రీ నది అవతలి రోడ్డు తెగిపోయింది. నవంబరు నుంచి మే దాకా సముద్రంలో బాక్స్ జెల్లీఫిష్ అనే విషపు జీవులు ఉంటాయి, ఒడ్డున ఆడుకునే పిల్లలకి అది పెద్ద గండం. మొసళ్ళను చూడాలన్నా అక్కడి చలికాలమే (జూన్-ఆగస్టు) నయం. నీళ్ళు చల్లగా ఉండి సముద్రం ఆటు మీద ఉన్న వేళ, బురద గట్ల మీదికి ఎక్కి ఎండ కాగుతాయి. పడవ టికెట్టు కొనేముందు ఆ రోజు ఆటుపోట్ల పట్టిక చూసుకుంటే సగం పని అయినట్టే.

తర్వాత దూరం. ఎక్కువ మంది చేసే తప్పు ఇక్కడే జరుగుతుంది. కెయిర్న్స్ నగరం నుంచి అడవి అంచునున్న మాస్‌మన్‌కి దాదాపు 75 కిలోమీటర్లు, నది అవతల ఉన్న కేప్ ట్రిబ్యులేషన్‌కి 140. పొద్దున కెయిర్న్స్‌లో బస్సెక్కి సాయంత్రానికి తిరిగొచ్చే టూరంటే రానూపోనూ 280 కిలోమీటర్లు. పదకొండు గంటలు బయట ఉంటే అడవిలో కాళ్ళతో నడిచేది రెండు గంటలు కూడా ఉండదు. పదేళ్ళలోపు పిల్లలుంటే మాస్‌మన్‌లోనో పోర్ట్ డగ్లస్‌లోనో రెండు రాత్రులు ఉండి, ఒక పొద్దున నడక, ఒక రాత్రి నడక పెట్టుకోండి. డెయిన్‌ట్రీ నది దగ్గర కార్లను తీగల మీద లాగే ఫెర్రీ ఉంటుంది, మన గోదావరి పంటులాంటిదే. అది దాటాక ఫోన్ సిగ్నల్ ఉందనుకోకండి. మ్యాపులు ముందే దింపుకోవాలి. ఆ తర్వాత వచ్చే కొండ దారి మెలికలు మెలికలుగా ఉంటుంది. కడుపు నిండా తిన్న పిల్లలు అక్కడే వాంతి చేసుకుంటారు. రెండు ఇడ్లీలతో సరిపెట్టి, మిగతాది దిగాక పెట్టండి.

బుక్ చేసేముందు అడగాల్సినవి కొన్నున్నాయి. గుంపులో ఎంతమంది? పది పన్నెండు మందికి మించితే వెనక నడిచేవాళ్ళకి గైడు గొంతూ వినపడదు, జంతువూ కనపడదు. నడక ఎన్ని గంటలు, బండిలో ఎన్ని గంటలు? పిల్లల వయసూ బరువూ చెప్పి, తగిన సీటు ఉంటుందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. భోజనం ఉంటే, మాంసం చేపలే కాదు గుడ్డు కూడా తినమని విడిగా చెప్పాలి. ఉత్త వెజిటేరియన్ అంటే గుడ్డు వచ్చేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, నడిపించేది ఎవరు?

నా మటుకు, మాస్‌మన్ గార్జ్‌లో కుకు యలాంజి వాళ్ళే నడిపించే నడకతో మొదలుపెట్టమంటాను. సెంటరు దగ్గర కారు ఆపి, షటిల్ బస్సులో లోపలికి వెళ్ళాలి. నడక గంటన్నర. మొదట పొగ వేసి అడవిలోకి ఆహ్వానిస్తారు, చివర టీ, డాంపర్ రొట్టె. 1988 నుంచి ఆ అడవులు ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నాయి. 2021 సెప్టెంబరులో డెయిన్‌ట్రీతో పాటు చుట్టుపక్కల పార్కులు కలిపి 160,000 హెక్టార్లకు పైగా తూర్పు కుకు యలాంజి ప్రజల పేరిట తిరిగి రాసిచ్చారు. కుకు అంటే వాళ్ళ భాషలో మాట. మాటతోనే తమకి పేరు పెట్టుకున్న మనుషులు.

ఆ నడకలో గైడు ఒక చెట్టు ఆకులు నాలుగు తెంపి, పిల్ల అరచేతిలో పెట్టి, నీళ్ళు చిలకరించి నలపమంటారు. మొదట పచ్చటి పసరు వస్తుంది. ఇంకాస్త నలిపితే వేళ్ళ సందుల్లోంచి తెల్లటి నురగ పొంగుతుంది, చేతుల మురికి వదులుతుంది. ఆ ఆకులో ఉన్నది సాపోనిన్ అనే నురగనిచ్చే పదార్థం, మన కుంకుడుకాయలో ఉన్నదీ అదే. ఇంకాస్త దూరంలో వాగు పక్క బండ మీద రంగురాయిని నీళ్ళతో అరగదీసి, ఆ ఎర్రటి ముద్దను ముంజేతి మీద పూస్తారు. అది మన జాజు. సంక్రాంతికి అరుగులకి పూసే ఎర్రమన్ను. మా పిల్లకి ఆ రెండూ ముందు ఈ అడవిలోనే తెలిశాయి. అమ్మమ్మ ఇంటి పెరట్లో కుంకుడు చెట్టుంది. రెండేళ్ళకోసారి ఆ ఇంటికి వెళ్తూనే ఉన్నాం. ఏ ఏడూ ఒక్క కాయ పగలగొట్టి దాని చేతిలో పెట్టలేదు. చుట్టాల ఇళ్ళకి తిరగడానికే రోజులు చాలలేదని చెప్పుకుంటాను. ఆ నురగ చూస్తున్నప్పుడు ఆ సాకు నిలబడలేదు.

అడవిలో చుట్టరికాలు ఇంకా ఉన్నాయి, తెలిసి వెళ్తే మంచిది. దారికి అడ్డంగా కొక్కేల తీగలు వేలాడుతుంటాయి, అక్కడ వాటిని 'కాస్త ఆగు' అన్న అర్థంలో వెయిట్-ఎ-వైల్ అంటారు. అది మన బడి బెత్తానికి దగ్గరి చుట్టం, పేము జాతే. బట్టకి పట్టుకుంటే ముందుకి లాగకూడదు, చర్మం చీరుతుంది. ఆగి, ఒకడుగు వెనక్కి వేసి, కొక్కేలు ఒక్కొక్కటే విడిపించాలి. ఆకులు కుట్టి గూళ్ళు కట్టే పచ్చ చీమలు మన మామిడి చెట్ల మీది ఎర్రచీమల జాతే, పొట్ట మాత్రం అక్కడ పచ్చగా ఉంటుంది. గైడు ఒక చీమను పట్టి, దాని వెనక భాగాన్ని నాలుకకి తాకించి చూడమంటారు, నిమ్మ పులుపు. బడి పార్టీల్లో ఏం తిన్నదో అడగకుండా ఊరుకునే నేను, చీమ దగ్గర మాత్రం వద్దని గట్టిగా అన్నాను. ఎందుకు వద్దో పిల్ల అడిగింది. సరైన సమాధానం నా దగ్గర లేదు.

నిజంగా భయపడాల్సింది గింపీ-గింపీ మొక్కకి. తమలపాకు ఆకారం, అంచున రంపపు పళ్ళు, ఒళ్ళంతా మెత్తటి నూగు. పూజల్లో తమలపాకు పట్టుకుని పెరిగిన పిల్లలు చేయి చాపుతారు. ఆ నూగు గాజు సూదుల్లాంటిది, చర్మంలో విరిగిపోయి నెలల తరబడి మళ్ళీ మళ్ళీ మండుతుంది. మన దూలగొండి దాని ముందు ఏపాటి! చెట్టు కూలి వెలుగు పడ్డ చోట, దారి అంచుల్లో మొలుస్తుంది కాబట్టి దారి దిగకూడదు. తగిలితే రుద్దొద్దు, వెంట్రుకలు తీసే మైనపు పట్టీ అతికించి నూగును పైకి లాగి, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఆ పట్టీలు రెండు సంచీలో పెట్టుకోండి. జలగ పట్టుకుంటే ఉప్పు, అగ్గిపుల్ల వద్దు, గోరు దాని నోటి కిందికి పోనిచ్చి పక్కకి జరిపితే వదిలేస్తుంది. మొసళ్ళుంటాయి కాబట్టి ఏ వాగు, నది ఒడ్డునైనా నీటికి కనీసం 5 మీటర్ల దూరంలో ఉండాలి. గార్జ్ నీళ్ళు ఎంత తేటగా ఉన్నా దిగనీయకండి. పైన వాన పడితే ప్రవాహం ఉన్నట్టుండి పెరుగుతుంది, బండలు నాచు పట్టి ఉంటాయి.

కాసోవరీ ఎదురైతే పరుగెత్తకూడదు. ఆడపక్షి 60 కిలోలు దాటుతుంది, లోపలి వేలికి 12 సెంటీమీటర్ల దాకా బాకులాంటి గోరు. దానివైపే చూస్తూ, సంచీని ముందు అడ్డం పెట్టుకుని, నెమ్మదిగా వెనక్కి నడవాలి. గుడ్లు పొదిగేదీ, పిల్లల్ని తొమ్మిది నెలలు వెంట తిప్పుకునేదీ మగపక్షే. పిల్లలతో ఉన్న తండ్రి దగ్గరికి అసలు పోకూడదు. తినడానికి ఏదీ వేయకూడదు. అలవాటు పడ్డ పక్షి మనుషుల వెంట పడుతుంది, రోడ్డు మీదికొచ్చి కార్ల కింద పడుతుంది. అది లేకపోతే పెద్ద గింజల చెట్లు కొత్త చోట మొలవడం కష్టం, అందుకే గైడు రెట్ట చూపించడానికి అంతసేపు ఆగుతారు.

జంతువులు కనపడకపోవడానికి కారణం చాలాసార్లు మనమే. ఆడపిల్లల కాలి పట్టీలు బస్సులోనే తీసేయండి. నైలాన్ రెయిన్‌కోటు, చేగోడీల ప్లాస్టిక్ పొట్లం అడవిలో చాలా దూరం వినపడతాయి. తినేవి గుడ్డ సంచీలోకి మార్చి, తిన్నాక పులిహోర మెతుకు కూడా కింద వదలకండి. ముదురు రంగు నూలు బట్టలు, పొడవు సాక్సులు, వాటి లోపలికి దోపిన ప్యాంటు. దోమల మందు రాసుకున్న చేతులతో కప్పను తాకకూడదు. బైనాక్యులర్ 8 రెట్లది చాలు, 10 రెట్లది చిన్న చేతుల్లో వణుకుతుంది. వారం ముందు నుంచే పెరట్లో సాధన చేయించండి: ముందు వట్టి కంటితో పక్షిని పట్టుకుని, చూపు తిప్పకుండా బైనాక్యులర్ కళ్ళ దగ్గరికి తేవాలి. ఏసీ కారులోంచి దిగితే అద్దాలు మసకబారతాయి, నడకకి అరగంట ముందే వాటిని బయటి గాలికి ఉంచండి.

బోయిడ్ ఫారెస్ట్ డ్రాగన్ అని ఒక తొండ ఉంది, మనిషి ఎత్తులో సన్న కాండాన్ని కరుచుకుని కదలకుండా ఉంటుంది. మనం దగ్గరికెళ్తే చెట్టు చుట్టూ మెల్లగా జరిగి అవతలి వైపుకి పోతుంది. "అదిగో, అదిగో, ఇటు చూడు" అని నేను పిల్ల భుజం పట్టి తిప్పేసరికి అక్కడ కాండం మాత్రమే ఉంది. అప్పటికే చూసేశానని పిల్ల నాతో గుసగుసగా అంది. నిశ్శబ్దంగా ఉండమని దారి పొడవునా దానికి చెప్పింది నేనే. గైడు ఇంగ్లీషు మాటలను దాని చెవిలో తెలుగు చేసిందీ, "అడుగు, ఏదో ఒకటి అడుగు" అని ముందుకి తోసిందీ నేనే. ఆ ఇంగ్లీషు నాకన్నా దానికే బాగా అర్థమవుతుంది.

కాబట్టి గైడు మాట్లాడేటప్పుడు తర్జుమా చేయకండి అని చెప్పాలనుంది. అక్కడ తెలుగు పాఠం వద్దు, రాత్రి గదిలో పెట్టుకోవచ్చు అని కూడా. చెప్పాక మళ్ళీ అనుమానం వస్తుంది. గైడు తన నాయనమ్మ దగ్గర చెట్ల పేర్లు నేర్చుకున్నది రాత్రి గదిలో కాదు, చెట్టు కిందే. నేను కుంకుడుకాయ అన్న మాట ఆ నురగ ఉన్నప్పుడు అనకపోతే ఇంకెప్పుడు అనను? అన్నాను. పిల్ల విన్నదో లేదో మొహంలో తెలియలేదు.

రాత్రి నడకకి మాత్రం ఈ తగాదా ఉండదు, చీకట్లో ఎవరూ మాట్లాడరు. టార్చిని కంటి పక్కనే, చెవి దగ్గర పట్టుకోమని నేర్పండి. వెలుగు వెళ్ళిన దారినే కంటి మెరుపు తిరిగొస్తుంది, నడుం దగ్గర పట్టుకుంటే ఏదీ కనపడదు. ఆకుల మధ్య మంచుబొట్టులా మెరిసేవి సాలెపురుగుల కళ్ళు. జంతువు దొరికాక ఎర్ర వెలుగుకి మార్చాలి, ఫ్లాష్ వద్దు.

తిరుగు ప్రయాణంలో ఫెర్రీ దాటి సిగ్నల్ రాగానే అమ్మమ్మకి ఫోన్ కలిపింది పిల్ల. ఆకు నురగ సంగతి చెప్పి, "మీ కుంకుడుకాయ కూడా అలాగే వస్తుందా, కళ్ళు మండుతాయా?" అని అడిగింది. నా వైపు చూడలేదు, నేనూ ఏమీ అందించలేదు.