గాలి లెక్క, ఊపిరి లెక్క: ఇప్పటిదాకా

బాల్కనీలో పీఎం 2.5, అంటే గాలిలోని అతి సన్నని ధూళిని కొలిచే సెన్సర్, ఊపిరి ఎంత వేగంగా వదలగలనో చూపే, రెండు పూటలా ఊదే పీక్ ఫ్లో మీటర్, ఒక నోట్‌బుక్. నా సామాను ఇంతే. నగరంలో గాలి పాడైతే నా ఉబ్బసం పెరుగుతోందా, పెరిగితే ఎంతసేపటికి? ఇదే తేల్చుకోవాలని మొదలుపెట్టాను.

సెన్సర్ పీఎంఎస్5003. చిన్న ఫ్యాన్ గాలిని లోపలికి లాగుతుంది, ధూళి కణాల మీద పడి చెదిరిన లేజర్ కాంతిని బట్టి అంకె వస్తుంది. ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు దాన్ని గంట సగటుగా దాచిపెడుతుంది. దీనికి తేమతో పెద్ద పేచీ. తేమ బాగా పెరిగితే కణాలు నీరు పీల్చి ఉబ్బుతాయి, రీడింగ్ ఉన్నదానికన్నా ఎక్కువ వస్తుంది. అందుకే పక్కనే తేమ సెన్సర్ కూడా పెట్టాను. 80 శాతం దాటిన గంటలకు నోట్‌బుక్‌లో చుక్క పెట్టి, వాటిని దగ్గర్లోని అధికారిక కేంద్రం అంకెతో సరిచూస్తాను. రోజు మొత్తం సగటుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు ఘనపు మీటరు గాలికి 15 మైక్రోగ్రాములు. నా గ్రాఫ్‌లో ఎర్రగీత అదే.

ఊదే పద్ధతి మారితే అంకెలకు విలువ లేదు. నిలబడాలి, ముల్లును సున్నాకు తేవాలి, నిండా గాలి పీల్చి, పెదాలు బిగించి ఒక్క ఊపున వదలాలి. మూడుసార్లు ఊది పెద్ద అంకె రాసుకోవాలి, సగటు కాదు. ఇన్‌హేలర్ తీసుకోకముందే ఊదాలి. నా బెస్ట్ నిమిషానికి 480 లీటర్లు. అందులో 80 శాతం, అంటే 384 కిందికి దిగితే డాక్టరు రాసిచ్చిన ప్లాన్ ప్రకారం జాగ్రత్త పడతాను. పొద్దుటి అంకె మామూలుగానే సాయంత్రం కన్నా తక్కువ ఉంటుంది కాబట్టి పొద్దుటిని పొద్దుటితోనే పోలుస్తాను.

ఎక్కువ టైం పెట్టింది ఆలస్యం మీదే. పొగ కమ్మిన రోజున నాకు పెద్ద తేడా కనిపించదు. మర్నాడు పొద్దున అంకె దిగుతుంది, దగ్గు రాత్రే మొదలవుతుంది. 1952 డిసెంబరులో లండన్‌ను కమ్మిన పొగమంచు ఐదు రోజుల్లో విడిచింది, మరణాలు మాత్రం ఆ తర్వాతా వారాల తరబడి ఎక్కువగానే నమోదయ్యాయి. అందుకే ఆ రోజు గాలికి ఆ రోజు ఊపిరినే జతచేసి చూస్తే అసలు సంగతి దొరకదనే నా నమ్మకం. ఇప్పుడు షీట్‌లో మూడు నిలువు వరుసలు: ఈరోజు గాలి, నిన్నటిది, మొన్నటిది.

గాలి చెడ్డ సోమవారాన్ని అదే నెలలోని మంచి సోమవారాలతో పోలుస్తాను. నన్ను నాతోనే పోల్చడం వల్ల వయసు, పాత జబ్బులు అడ్డురావు, వారంలో పని ఒత్తిడి కూడా దాదాపు సమానం. జలుబు చేసిన రోజుల్ని మాత్రం పూర్తిగా పక్కన పెడతాను.

ఇక మిగిలింది ఓజోన్. ఎండ మండే మధ్యాహ్నాలు పెరిగే ఈ వాయువును ధూళి సెన్సర్ అసలు చూడలేదు. చవక ఓజోన్ సెన్సర్లు నైట్రోజన్ డయాక్సైడ్‌కీ స్పందిస్తాయి, కాబట్టి కొనడం లేదు. అధికారిక కేంద్రం ఇచ్చే గంట గంట అంకెల్నే నాలుగో వరుసగా చేరుస్తున్నాను.